కుట్టు వచ్చు, మిషన్ లేదు

ఏడో వారం నుంచి ఆమె క్లాసుకి రావడం మానేసింది.

మేము ఐదుగురం స్నేహితులం కలిసి ఆడవాళ్ళకి ఉచితంగా కుట్టుపని నేర్పుతున్న రోజులవి. మూడు నెలల కోర్సు. వారానికి ఐదు రోజులు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా. చివర్లో ఒక సర్టిఫికెట్. మాకు ఒక నియమం ఉండేది. ఎవరికీ డబ్బు గానీ వస్తువు గానీ ఊరికే ఇవ్వకూడదు, పని మాత్రమే నేర్పాలి. ఆ నియమం పట్టుబట్టి పెట్టించింది నేనే. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని ఇంట్లో పెద్దవాళ్ళు అంటుంటే విని పెరిగినదాన్ని. ఒకసారి చేయి చాచడం అలవాటైతే ఆ చేతికి ఇక పని చేతకాదని మనస్ఫూర్తిగా నమ్మినదాన్ని.

రిజిస్టర్లో ఆమె పేరుకి ఎదురుగా వరసగా గైర్హాజరు పడుతుంటే పక్కన "ఆసక్తి లేదు" అని రాశాను. పది రోజులయ్యాక, ఎందుకో మనసొప్పక, వాళ్ళింటికి వెళ్ళాను.

గుమ్మంలో కూర్చుని పిల్లాడి చొక్కా కుడుతోంది. చేత్తోనే. పెద్దవాళ్ళ పాత చొక్కాలు రెండు విప్పదీసి, బాగున్న మేరకు కత్తిరించి, రంగులు కలిసేలా అతికింది. నేను ఆ చొక్కా చేతిలోకి తీసుకుని కాజాలు చూశాను. కుట్లు ఒకదాని పక్కన ఒకటి, గోరు దూర్చడానికి కూడా సందు లేకుండా, గుండ్రంగా తిరిగి వచ్చాయి. తిరగేసి చూస్తే లోపలి వైపు కూడా అంతే శుభ్రంగా ఉంది. మా కోర్సు పూర్తి చేసినవాళ్ళకి ఆ పని రాదు. నాకూ రాదు.

"ఇంత పని వచ్చి మా క్లాసుకి ఎందుకొచ్చావమ్మా?" అన్నాను.

"కోర్సు అయ్యాక మిషన్ ఇస్తారేమో అనుకున్నాను మేడమ్. ఇవ్వరని మొన్న తెలిసింది. రెండు గంటలు అక్కడ కూర్చుంటే ఆ పూట కూలి పోతోంది."

అందులో ఫిర్యాదేమీ లేదు. టైమెంతయిందంటే చెప్పినట్టు చెప్పింది. చొక్కా మళ్ళీ తీసుకుని, ఆపిన చోట సూది గుచ్చింది.

ఆ రోజు మొదలైన ఆలోచన ఇప్పటికీ నన్ను వదల్లేదు. అవసరంలో ఉన్న మనిషికి ఇవ్వాలా, నేర్పాలా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు చేప సామెత ఎత్తుతారు. చేపనిస్తే ఒక పూట తింటాడు, పట్టడం నేర్పితే బతికినన్నాళ్ళూ తింటాడు అని. దాన్ని ప్రాచీన చైనా సూక్తి అని చాలామంది చెబుతారు. నిజానికి దానికి దగ్గరి రూపం 1885 నాటి ఒక ఆంగ్ల నవలలో కనిపిస్తుంది. మాట ఎక్కడిదైనా, వినడానికి బాగుంటుంది. ఎదుర్కోవడం కష్టం. అందుకే మనం దాన్ని పరీక్షించకుండానే ఒప్పేసుకుంటాం.

పరీక్షిస్తే అందులో ఒక ఊహ దాగి ఉంది. ఆకలితో ఉన్నవాడికి చేపలు పట్టడం రాదన్న ఊహ అది. ఏటి ఒడ్డున పుట్టి పెరిగినవాడికి ఏ మడుగులో చేప ఉంటుందో ఒడ్డున నిలబడి చెబుతున్న మనకన్నా బాగా తెలుసు. వాడి దగ్గర వల లేదు. లేదా వల ఉంది, కానీ అప్పులవాడు పట్టుకుపోయాడు. లేదా ఆ ఏరే వేరొకడి పేరు మీద ఉంది. వీటిలో ఏ ఒక్కదానికీ పాఠం మందు కాదు. అయినా మనం పాఠంతోనే బయల్దేరతాం, ఎందుకంటే మన దగ్గర ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నది అదే. దానివల్ల మన జేబుకి చిల్లు పడదు. పైగా నేర్పేవాళ్ళం ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉంటాం. ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది. ఆ మెట్టు మీద నేనూ చాలాకాలం నిలబడ్డాను, అక్కడ బాగుండేది కూడా.

ఊరికే ఇస్తే మనిషి చెడిపోతాడన్న భయం కొత్తది కాదు. ఇంగ్లండులో 1601 నాటి పేదల చట్టం ప్రకారం సాయానికి అర్హులెవరో, సోమరులెవరో విడదీసేవారు. 1795లో స్పీన్‌హామ్‌లాండ్ అనే చోట మెజిస్ట్రేట్లు రొట్టె ధరను బట్టి, కుటుంబంలో ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి కూలీలకు డబ్బు సాయం మొదలుపెట్టారు. దీనివల్ల జనం సోమరులవుతున్నారని గగ్గోలు లేచి, 1834లో కొత్త చట్టం వచ్చింది. ఒంట్లో సత్తువ ఉన్నవాడు సాయం కావాలంటే, పేదల్ని ఉంచి పని చేయించే వర్క్‌హౌస్‌లో చేరాలి. అక్కడి బతుకు బయట అతి తక్కువ సంపాదించే కూలీ బతుకు కన్నా హీనంగా ఉండాలన్నది దాని మూలసూత్రం. భర్తని ఒక వైపు, భార్యని ఒక వైపు, పిల్లల్ని ఇంకో వైపు ఉంచేవారు. ఇదంతా పేదవాడికి స్వావలంబన నేర్పడానికేనన్నారు. ఆ మాట అన్నవాళ్ళలో చాలామంది దుర్మార్గులు కారు, మంచి జరుగుతుందనే నమ్మారు. నాకు భయం వేసేది అక్కడే.

ఆ భయాల్ని ఈ రోజుల్లో లెక్కగట్టి చూసినవాళ్ళున్నారు. డబ్బిస్తే తాగేస్తారన్నది మొదటి భయం. పశ్చిమ కెన్యాలో గివ్‌డైరెక్ట్లీ అనే సంస్థ 2011 నుంచి పేద కుటుంబాలకు ఏ షరతూ లేకుండా డబ్బు పంపింది. ఎవరికి అందాలో చీటీ వేసినట్టు ఎంపిక చేశారు కాబట్టి, అందినవాళ్ళనీ అందనివాళ్ళనీ పోల్చి చూడటం కుదిరింది. అందినవాళ్ళు తిండి మీద ఎక్కువ ఖర్చు పెట్టారు, ఇంటికి కావలసినవి, పశువులు కొనుక్కున్నారు. మద్యం, పొగాకు మీద ఖర్చు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. ఇదొక్క చోటి మాటేనా అంటే, ప్రపంచ బ్యాంకుకి చెందిన పరిశోధకులు రకరకాల దేశాల్లో జరిగిన 19 అధ్యయనాల్ని ఒక చోట చేర్చి చూశారు. అక్కడా అదే తేలింది.

రెండో భయం సోమరితనం. ఆరు దేశాల్లో ప్రభుత్వాలు నడిపిన ఏడు నగదు పథకాల వివరాలు తీసుకుని, ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, రెమా హన్నా మొదలైనవాళ్ళు 2017లో ఒక పత్రం ప్రచురించారు. డబ్బు అందినవాళ్ళు పని మానేస్తున్నారనడానికి వాళ్ళకి ఆధారం దొరకలేదు. మెక్సికోలో 1997లో మొదలైన ప్రోగ్రెసా పథకం కింద డబ్బు అందుకున్న కుటుంబాలు ప్రతి పెసోలో దాదాపు నాలుగో వంతు పొలం మీదో, పశువుల మీదో, చిన్న వ్యాపారం మీదో పెట్టాయి. ఎవరూ చెప్పలేదు పెట్టమని. తెలుసు కాబట్టి పెట్టారు.

మూడోది, ఊరికే వచ్చినదానికి విలువ ఉండదన్న మాట. నేను క్లాసులో లెక్కలేనన్నిసార్లు అన్న మాట ఇది. కెన్యాలోనే ఆసుపత్రికి పరీక్షల కోసం వచ్చే గర్భిణులకు దోమతెరలు ఇచ్చి చూశారు. కొన్నిచోట్ల పూర్తి ఉచితం. కొన్నిచోట్ల నామమాత్రపు ధర, ఎక్కువలో ఎక్కువ 60 అమెరికా సెంట్లు. అంటే అప్పటికీ అసలు ధరలో 90 శాతం తగ్గించినట్టే. ఆ కాస్త ధర పెట్టేసరికి ప్రతి వంద మంది గర్భిణుల్లో తీసుకున్నవాళ్ళు అరవై మంది తగ్గిపోయారు. డబ్బిచ్చి కొన్నవాళ్ళు ఊరికే తీసుకున్నవాళ్ళ కన్నా ఎక్కువగా వాడారా అంటే, లేదు. దోమతెర కింద పడుకునే తల్లికి అది ఉచితంగా వచ్చిందా, కొన్నదా అన్నది పట్టలేదు. పట్టింపు మనకే.

ఇక నేర్పడం సంగతి. పెరూలో చిన్న అప్పులు తీసుకుని వ్యాపారం చేసుకుంటున్న ఆడవాళ్ళకి ఒకటి రెండేళ్ళ పాటు వ్యాపార పాఠాలు చెప్పారు. వాళ్ళ తెలివిడి కొంత పెరిగింది గానీ అమ్మకాల్లో, లాభాల్లో పెద్దగా మార్పు రాలేదు. డొమినికన్ రిపబ్లిక్‌లో ఇంకో పద్ధతి చూశారు. కొందరికి పద్ధతిగా అకౌంటింగ్ నేర్పారు. మరికొందరికి ఒకటి రెండు మోటు సూత్రాలు చెప్పారు. వ్యాపారం డబ్బు ఒక సొరుగులో, ఇంటి డబ్బు ఇంకో సొరుగులో వెయ్యి, రెండూ కలపకు, అంతే. సొరుగుల పాఠం విన్నవాళ్ళే మెరుగయ్యారు. నాకు ఈ సొరుగుల కథ చాలా ఇష్టం. నేర్పడం వ్యర్థమని అది చెప్పదు. నేర్పేవాడు ఎదుటివాడి చేతిలో ఎంత టైముందో, బుర్రలో ఎంత చోటుందో చూసుకుని నేర్పాలని చెబుతుంది.

బుర్రలో చోటు అన్నాను. తమిళనాడులో 464 మంది చెరకు రైతుల మీద చేసిన ఒక పరిశీలన 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. చెరకు రైతుకి డబ్బు ఏడాదికోసారి, కోత తర్వాత వస్తుంది. కోతకు ముందు చేతిలో ఏమీ ఉండదు, అప్పులుంటాయి. అదే మనిషికి కోతకు ముందొకసారి, తర్వాతొకసారి ఏకాగ్రత, ఆలోచన కొలిచే పరీక్షలు పెట్టారు. చేతిలో డబ్బు లేనప్పుడు వాళ్ళ మార్కులు తగ్గాయి. ఆ కొన్ని నెలల తేడాలో మనిషి బుర్ర మారిపోలేదు కదా. రేపటి వాయిదా, ఇంట్లో జబ్బు, సరుకుల వాడి ముఖం, ఇవన్నీ బుర్రలో కూర్చున్నాయి. అలా కూర్చున్న చోట నేను "ఇప్పుడు భుజం కొలత తీసుకోవడం చూద్దాం" అని టేపు పట్టుకుని నిలబడ్డాను. నా ఎదురుగా ఉన్నావిడ మనసులో ఆ పూట కూలి లెక్క నడుస్తోంది. ఆకలి తీరాక చెప్పే పాఠం వేరు, ఆకలి మీద చెప్పే పాఠం వేరు.

ఇంతవరకూ చదివి, అయితే డబ్బిచ్చేస్తే చాలంటావా అని మీరు అడగొచ్చు. చాలదు. నా వైపు వాదనని ఇబ్బంది పెట్టే నిజాలు కూడా ఉన్నాయి, వాటిని పక్కన పెట్టి మాట్లాడటం నాకిష్టం లేదు.

ఉత్తర ఉగాండాలో ప్రభుత్వం 2008లో యువకుల బృందాలకి, ఏదో ఒక చేతిపని నేర్చుకుని పనిముట్లు కొనుక్కోండని, ఒకేసారి డబ్బిచ్చింది. తలకి దాదాపు 382 డాలర్లు, అంటే అక్కడ ఇంచుమించు ఏడాది సంపాదన. నాలుగేళ్ళ తర్వాత చూస్తే వాళ్ళ ఆదాయం, డబ్బు అందనివాళ్ళ కన్నా 38 శాతం ఎక్కువ. అందరూ సంతోషించారు. తొమ్మిదేళ్ళకి మళ్ళీ చూస్తే ఆదాయాల్లో ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. అందనివాళ్ళు కూడా కిందా మీదా పడి అక్కడికే చేరుకున్నారు. దీన్ని చూసి ఇవ్వడం వృథా అన్నవాళ్ళున్నారు. నేను ఇంకోలా చదువుకుంటాను. వాళ్ళంతా ఎలాగూ చేరుకోగలిగినవాళ్ళే, డబ్బు వాళ్ళని కొన్నేళ్ళ ముందు చేర్చింది. పాతికేళ్ళ వయసులో ఆ కొన్నేళ్ళంటే పుట్టబోయే బిడ్డ తిండి, చిన్నవాళ్ళ చదువు. ఆ ఏళ్ళు ఊరికే పోయాయని నేను అనలేను. కానీ ఒక్కసారి ఇచ్చిన డబ్బు జీవితాన్ని శాశ్వతంగా మార్చేస్తుందని కూడా ఇక అనను.

ఘనాలో ఇంకో సంగతి జరిగింది. అతి పేద కుటుంబాలకు కొందరికి మేకలు మాత్రమే ఇచ్చారు. మరికొందరికి పశువులతో పాటు వాటిని పెంచడంలో శిక్షణ, కొన్నాళ్ళు తిండి ఖర్చు, పొదుపు ఖాతా, ఇంటికి వచ్చి పలకరించి సలహా చెప్పే మనిషి, అన్నీ కలిపి ఇచ్చారు. అన్నీ అందినవాళ్ళు నిలదొక్కుకున్నారు. వట్టి మేకలు అందినవాళ్ళలో ఆ ఫలితం నిలవలేదు. ఈ కలిపి ఇచ్చే పద్ధతి 2002లో బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ మొదలుపెట్టింది. ఇథియోపియా, ఘనా, హోండురాస్, భారత్, పాకిస్తాన్, పెరూ, ఈ ఆరు దేశాల్లో పది వేల మందికి పైగా మనుషులతో దాన్ని పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. రెండేళ్ళ సాయం ఆగిపోయిన ఏడాదికి కూడా వాళ్ళ తిండి, ఆస్తి, ఆదాయం మెరుగ్గానే ఉన్నాయి. పశ్చిమ బెంగాల్లో పదేళ్ళ తర్వాత వెళ్ళి చూసినా ఆ మెరుగు నిలిచే ఉంది.

ఆ పద్ధతిలో నన్ను ఆపి ఆలోచింపజేసింది తిండి ఖర్చు. పశువునిచ్చిన రోజు నుంచి అది పాలో పిల్లో ఇచ్చే రోజు దాకా ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. ఆ నెలలకి చేతిలో కొంత పెట్టకపోతే మనిషి పశువుని అమ్ముకుంటాడు. అమ్మితే మనం "ఇచ్చింది నిలబెట్టుకోలేకపోయారు" అంటాం. ఇవ్వడం, నేర్పడం రెండు వేరు వేరు దారులని నేను అనుకున్నదంతా అక్కడ కూలిపోయింది. ముందు ఊపిరి తీసుకోవడానికి వీలు కల్పించాలి. తర్వాత చేతికి సాధనం ఇవ్వాలి. ఆ పైన, అడిగితే నేర్పాలి. ఆ తర్వాత కొన్నాళ్ళు వదిలి వెళ్ళకుండా ఉండాలి. మేము మా క్లాసులో మూడోదానితో మొదలుపెట్టి, దానితోనే ముగించాం.

పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడెస్ దానంలో ఎనిమిది మెట్లు చెప్పాడు. అన్నిటికన్నా కింది మెట్టు, మనసొప్పకుండానే ఇవ్వడం. అన్నిటికన్నా పై మెట్టు, మనిషి పడిపోయి చేయి చాచక ముందే అతన్ని నిలబెట్టడం. స్వావలంబన గురించి మాట్లాడేవాళ్ళు ఈ పై మెట్టుని తరచు చూపిస్తారు. దాన్ని ఎలా చెయ్యాలని ఆయన చెప్పాడో మాత్రం చూడరు. అప్పు ఇచ్చి, వ్యాపారంలో వాటా ఇచ్చి, పని చూపించి, లేదా బహుమానంగా ఇచ్చి. బహుమానం కూడా ఆ పై మెట్టు మీదే ఉంది.

ఇవ్వడంలో తప్పు జరగదా అంటే, జరుగుతుంది. నేను చేశాను. నా చిన్ననాటి స్నేహితురాలు ఒకావిడ అప్పుల్లో కూరుకుపోతే దాదాపు మూడేళ్ళు నెలనెలా ఎంతో కొంత పంపాను. ఎప్పుడూ ఆమె అడిగినదానికన్నా తక్కువే పంపేదాన్ని. ఎక్కువిస్తే అలవాటవుతుందని నా లెక్క. ప్రతి నెలా ఆమె ఫోన్ చేసి, ముందు నా పిల్లల గురించి అడిగి, తర్వాత మెల్లగా అసలు సంగతికి వచ్చేది. ఆ పలకరింపులో వణుకు నాకు వినిపించేది. ఒకరోజు కూర్చుని అన్నీ కూడి చూశాను. మూడేళ్ళలో నేను ముక్కలుముక్కలుగా ఇచ్చినదంతా కలిపితే, మొదటి నెలలో ఆమెకున్న అప్పు కన్నా ఎక్కువ. ఆ మొదటి నెలలోనే మొత్తం ఇచ్చేసి ఉంటే వడ్డీ ఆగిపోయేది. ముప్ఫైకి పైగా ఫోన్లు తప్పేవి. నా మీద ఆధారపడే మనిషిని నేనే తయారు చేశాను, అదీ ఆధారపడకూడదన్న జాగ్రత్తతో. చినుకు చినుకుగా ఇచ్చే సాయం గొంతు తడుపుతుంది గానీ బిందె నిండదు. కెన్యాలో కూడా ఒకేసారి పెద్ద మొత్తం అందినవాళ్ళు పైకప్పు రేకుల్లాంటి మన్నికైనవి కొనుక్కున్నారు. నెలనెలా అందినవాళ్ళకి తిండి భద్రత పెరిగింది. రెండూ అవసరమే, ఏది కావాలో వాళ్ళనే అడగాలి. నేను ఎన్నడూ అడగలేదు.

తాగుడు, జూదం ఉన్న ఇంటి సంగతి వేరు. అక్కడ డబ్బు ఎవరి చేతికి వెళుతుందో చూసుకోవాల్సిందే. ఫీజు నేరుగా బడికి కట్టడం, మందులు కొని ఇవ్వడం తప్పు కాదు. కానీ ఆ ఒక్క ఇంటిని చూపించి మిగతా తొంభై తొమ్మిది ఇళ్ళకీ తాళం వెయ్యడం అన్యాయం.

ఈ చర్చలో మరిచిపోయే మనుషులు కొందరుంటారు. మంచం మీద ఉన్న ముసలాయన, కదల్లేని బిడ్డ, ఆ బిడ్డని వదిలి పనికి వెళ్ళలేని తల్లి. "తన కాళ్ళ మీద తాను నిలబడాలి" అన్న మాట వీళ్ళ దగ్గర ఎంత క్రూరంగా వినిపిస్తుందో ఒకసారి బయటికి అని చూడండి. వీళ్ళకి ఏం నేర్పుతాం? వీళ్ళకి ఇవ్వడం తప్ప ఇంకో దారి లేదు, అదీ బతికినన్నాళ్ళూ. అది సాయం అనుకోవడం కూడా నాకు నచ్చదు, వాళ్ళకి రావలసినదే అనిపిస్తుంది. మనలో ప్రతి ఒక్కరం పుట్టాక పదిహేను ఇరవయ్యేళ్ళు ఒకరు పెడితే తిన్నవాళ్ళమే. చివరి రోజుల్లో మళ్ళీ అలాగే తింటాం. మధ్యలో కొన్నేళ్ళు ఒంట్లో ఓపిక ఉంటుంది. ఆ మధ్య కాలంలో నిలబడి, మిగతావాళ్ళని ఎందుకు నిలబడలేదని అడుగుతుంటాం.

ఇచ్చే తీరు గురించి నాకు తెలిసినదంతా ఒక లెక్చరర్ గారి దగ్గర నేర్చుకున్నాను. డిగ్రీ చివరి ఏడాది పరీక్ష ఫీజు కట్టడానికి ఇంట్లో డబ్బు లేదు. నాన్నకి ఒంట్లో బాగోలేదు. దూరపు బంధువు ఒకాయన్ని అడిగితే గంటసేపు కూర్చోబెట్టి, మా నాన్న డబ్బు ఎలా వాడి ఉండాల్సిందో చెప్పి, చివరికి ఇచ్చాడు. సగమే ఇచ్చాడు. ఆయన చెప్పినవన్నీ నిజాలే కావచ్చు. నాకు ఇప్పటికీ గుర్తున్నది మాత్రం ఆ గదిలో కుర్చీ అంచున కూర్చుని తల ఊపుతూ ఉండటం. మర్నాడు మిగతా సగం గడువు అడుగుదామని ఆఫీసు కౌంటర్ దగ్గరికి వెళితే, గుమస్తా రశీదు చేతిలో పెట్టి "నీది కట్టేశారమ్మా" అన్నాడు. ఎవరు అని అడిగితే చెప్పలేదు. అది మా లెక్చరర్ గారని నాకు ఆరేళ్ళకి, ఆయన రిటైరయ్యాక తెలిసింది. ఆ ఆరేళ్ళూ ఆయన నాతో మామూలుగానే మాట్లాడారు. తప్పు రాస్తే తిట్టారు. ఒక్కనాడూ "ఎలా చదువుతున్నావు" అన్న ప్రశ్నలో బాకీ వాసన తగలనివ్వలేదు.

నాకు సాయం చేసింది ఆ డబ్బేనా, ఆ మర్యాదా అంటే రెండూ వేరు చెయ్యలేను. కానీ బంధువు ఇచ్చిన సగం డబ్బు నేను ఉద్యోగం వచ్చిన మొదటి నెలలో పరుగున వెళ్ళి తిరిగి ఇచ్చేశాను, ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కాల్సిన పని లేకుండా. లెక్చరర్ గారి దగ్గరికి మాత్రం ఇప్పటికీ వెళుతుంటాను.

ఆ చొక్కా కుట్టినామె సంగతి చెప్పలేదు. వాళ్ళింటి నుంచి వచ్చిన వారానికి మా వాళ్ళని ఒప్పించలేక, నా డబ్బుతోనే ఒక మిషన్ కొని తీసుకెళ్ళి ఇచ్చాను. కాలితో తొక్కేది, మోటారు లేనిది. పాతదే, అయినా బాగా నడిచేది. ఆమె దారం ఎక్కించి, బాబిన్ పెట్టి, ఒక గుడ్డముక్క మీద వరసగా పది పన్నెండు గీతలు కుట్టి చూసుకుంది. తర్వాత మొదటిసారి నన్ను అక్కా అంది. ఏడాదిపాటు బాగానే సాగింది. చుట్టుపక్కల పిల్లల బట్టలన్నీ ఆమె దగ్గరికే వచ్చేవి.

ఏడాది దాటాక ఒకసారి వెళితే మిషన్ లేదు. అమ్మేసింది. నాకు కోపం వచ్చింది, దాచుకోలేకపోయాను కూడా. నా పాత నమ్మకాలన్నీ ఒక్క క్షణంలో తిరిగొచ్చాయి, చూశావా, ఊరికే ఇచ్చావు, ఏమైందో చూడు అంటూ. ఆమె లోపలికి వెళ్ళి ఆసుపత్రి కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది. అత్తగారికి ఆపరేషన్. నూటికి పది వడ్డీకి అప్పిచ్చేవాడు గుమ్మంలో నిలబడి ఉంటే, వాడిని వద్దని పంపించి మిషన్ అమ్మింది. ఆ వడ్డీకి తలవంచి ఉంటే పదేళ్ళు కుట్టినా బయటపడేది కాదు. ఆమె చేసిన లెక్క సరైనది. నేను ఇచ్చినది మిషనని నేననుకున్నాను. ఆమె దాన్ని మిషన్‌గా ఏడాది వాడుకుని, అవసరానికి డబ్బుగా వాడుకుంది. అత్తగారు బతికింది.

"కోపమొచ్చిందా అక్కా?"

"ముందు వచ్చింది."

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆమే అంది, ఇంకొకటి ఇప్పిస్తారా, ఈసారి ఊరికే వద్దు, వాయిదాల్లో కట్టుకుంటాను అని. నేను వాయిదాలు వద్దనబోయి ఆగాను. ఎలా కావాలో చెప్పాల్సింది ఆమె. ఎంత కట్టగలదో ఆమే చెప్పింది, నేను కాగితం మీద రాసుకున్నాను.

ఇప్పటికి నాలుగు వాయిదాలు వచ్చాయి. ఐదోది ఈ నెల రాలేదు. బడులు తెరిచే రోజులు, ముగ్గురు పిల్లలు. నేను అడగలేదు.